2008 సంక్షోభంలో అమెరికా బ్యాంకులు గట్టెక్కాయి, ఇళ్ల అప్పులవాళ్లు ఎందుకు మునిగారు?

బ్యాంకులకు డబ్బు నేరుగా అందింది, సొంతంగా ఉంటున్న ఇంటి అప్పులో అసలు మొత్తాన్ని (వడ్డీ కాకుండా తీసుకున్న సొమ్మును) తగ్గించే అధికారం మాత్రం దివాలా కోర్టులకు దక్కలేదు. లిబరల్స్ (అమెరికాలో వామపక్షం వైపు మొగ్గేవాళ్లు) ప్రధానంగా తప్పుపట్టేది దీన్నే.

అక్కడి చట్టం ప్రకారం, చాప్టర్ 13 (ఆదాయమున్నవాళ్లు కొన్నేళ్లలో వాయిదాలుగా బాకీలు తీర్చే దివాలా పద్ధతి) కింద దివాలా తీసిన వ్యక్తి విహారానికి కొనుక్కున్న రెండో ఇంటి అప్పును జడ్జి ఇప్పటి మార్కెట్ ధరకు కుదించవచ్చు. సొంతంగా కాపురముండే ఇంటి మీద ఆ వీలు లేదు. (తలకిందుల వ్యవహారమే!) ఉదాహరణకు 2,80,000 డాలర్ల అప్పున్న ఇల్లు విలువ 2,00,000కు పడిపోయిందనుకోండి. అది రెండో ఇల్లయితే మిగతా 80,000 హామీ లేని బాకీ అవుతుంది, అందులో చాలాభాగం చివరికి రద్దవుతుంది. ఉంటున్న ఇల్లయితే మొత్తం కట్టాలి, లేదా ఇల్లు వదులుకోవాలి. దీన్ని సవరించే ప్రతిపాదన 2009 ఏప్రిల్ 30న సెనేట్‌లో 45-51తో వీగిపోయింది. కొందరు డెమోక్రాట్లూ వ్యతిరేకించారు.

బెయిలవుట్‌కు, అంటే ప్రభుత్వం ఆదుకోవడానికి, కేటాయించిన 700 బిలియన్ డాలర్లూ బ్యాంకులు మింగేశాయన్నది అపోహ. వాటికి చేరింది సుమారు 245 బిలియన్లు, అదీ లాభంతో తిరిగొచ్చింది. లిబరల్స్ ప్రధాన గొడవ ఆ డబ్బు గురించి కాదు, ఇళ్లవాళ్లకు అలాంటి ఊరట దొరకలేదని.