దారి ఎందుకు నిశ్శబ్దంగా ఉందో రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పాటు వచ్చిన వ్యాసమూ అందాయి. ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతంలో బోన్ పట్టణం నుంచి సాంత్‌నే ఊరి దాకా ద్రాక్షతోటల మధ్య సైకిల్ తొక్కుకుంటూ గడిపిన రెండు రోజుల గురించి నువ్వు రాసినదాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి తీరిగ్గా చదువుకున్నాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని ‘నిశ్శబ్దం’, ‘ప్రశాంతత’ అన్న మాటలు కనిపించిన చోటల్లా గీత గీసుకుంటూ పోయాను. పందొమ్మిది గీతలు తేలాయి. ఆ మాటల్లో అబద్ధమేమీ లేదు. కానీ పన్నెండు పేజీలు పూర్తయ్యేసరికి కూడా ఆ దారి మీదికి బండ్లు ఎందుకు రావో నాకు తెలియలేదు. ఏ దారీ ఊరికే నిర్జనంగా ఉండిపోదు. దాని వెనక నేల వాలో, మూతపడిన రైలు మార్గమో, పక్కనే వేసిన పెద్ద రోడ్డో ఉంటుంది, ఆ కారణాన్ని పట్టుకున్న రచయితకు నిశ్శబ్దం అన్న మాటతో పెద్దగా అవసరం పడదు.

ముందు నీ దారినే తీసుకుందాం. బోన్ నుంచి షాన్యి వైపు వెళ్లే కార్లూ లారీలూ వాలు దిగువన ఉన్న డి-974 రోడ్డు మీదుగా పోతాయి. అక్కడివాళ్లు ‘ద్రాక్షతోటల దారి’ అని పిలిచే నీ ఇరవై చిల్లర కిలోమీటర్ల మార్గం మాత్రం పొమ్మార్, వోల్నే, మెర్సో ఊళ్లను కలుపుతూ, తోటపనికి వెళ్లేవాళ్లు వాడుకునే సన్నటి బాటల మీదుగా సాగుతుంది. ఆ చుట్టుపక్కల బాటలు చాలావరకు ఏదో ఒక తోట గట్టు దగ్గర ఆగిపోయేవే కాబట్టి, అక్కడ పని లేనివాడు కారు తిప్పుకుని అటు రాడు. ఈ సంగతి నీ మొదటి పేజీలోనే ఉంటే, సైకిల్ ఎక్కబోయే పాఠకుడికి పటం చూడకుండానే దారి స్వరూపం సగం బోధపడేది.

కారణాలు అన్నిచోట్లా ఒకటి కావు. దక్షిణ ఆస్ట్రేలియాలోని క్లేర్ లోయలో రీస్లింగ్ ద్రాక్షతోటల మధ్య ఒక సైకిల్ బాట ఉంది. అది పూర్వం రైలు దారి. 1983లో చెలరేగిన కార్చిచ్చు ఆ మార్గాన్ని దెబ్బతీశాక రైళ్లు ఆగిపోయాయి, తరువాత పట్టాలు తీసేసిన కట్టనే సైకిళ్లకు వదిలారు. ఫ్రాన్స్‌లో బోర్డో నగరం దగ్గర లాత్రెన్ నుంచి సోవ్‌తేర్ దాకా సాగే బాట కూడా పాత రైలు కట్టే. దానికి 1937 టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పోటీ విజేత రోజే లాపెబీ పేరు పెట్టారు. చైన్‌ను ఒక పళ్లచక్రం మీంచి మరొకదాని మీదికి మార్చే డిరైలర్ గేర్లతో ఆ పోటీ గెలిచిన మొదటివాడు ఆయన. గేర్లతో గెలిచినవాడి పేరు గేర్లు పెద్దగా అవసరం లేని దారికి పెట్టారని నాకు అప్పుడప్పుడూ నవ్వు వస్తుంది. రైలింజను నిటారు మిట్ట ఎక్కలేదు, అందుకే ఇలాంటి కట్టలకు వాలు అతి తక్కువ. బండ్లు లేకపోవడానికీ మోకాళ్లు నొప్పెట్టకపోవడానికీ ఇక్కడ కారణం ఒకటే. ఇలాంటి ముడి దొరికినప్పుడు దాన్ని ఒకే వాక్యంలో విప్పు, రెండు పేరాలకు సాగదీయకు.

ఇటలీలోని టస్కనీలో కియాంతీ కొండల తెల్ల దారుల కథ వేరు. అవి తారు వేయకుండా మిగిలిపోయిన సున్నపురాయి కంకర దారులు. వాటిని కాపాడుకోవాలన్న పట్టుదలతో 1997లో గయోలే ఊళ్లో ‘ఎరోయికా’ అనే సైకిల్ యాత్ర మొదలైంది. అందులో 1987కు ముందు తయారైన రేసు సైకిళ్లు తొక్కాలన్నది నియమం. అక్కడి నిశ్శబ్దం కొంతమంది పూనుకుని నిలబెట్టుకున్నది. దాన్ని కూడా ప్రకృతి వరమన్నట్టు రాసేస్తే ఆ మనుషుల శ్రమను కొట్టిపారేసినట్టే అవుతుంది.

ఇక నిశ్శబ్దానికి వేళ కూడా ఉంటుంది. ఈ పాఠం నేను సిగ్గుపడి నేర్చుకున్నది. చాలా ఏళ్ల కిందట ఒక తోటదారి మీద ఆదివారం మధ్యాహ్నం ఒకే ఒక్కసారి వెళ్లివచ్చి, ‘ఈ దారిలో చక్రం చప్పుడు తప్ప మరేదీ వినిపించదు’ అని ధీమాగా రాశాను. అది చదివిన ఒకాయన సెప్టెంబరులో, కోత మొదలైన వారంలో, పిల్లలతో సహా బయలుదేరాడు. తెల్లవారుజాము నుంచి పండ్ల తొట్టెలతో ట్రాక్టర్లు వస్తూ పోతూ ఉంటే, పూటంతా దారి పక్కకు దిగుతూ ఎక్కుతూ గడిపామని ఆయన నాకు ఉత్తరం రాశాడు. కోపం ఒక్క మాటలోనూ చూపలేదు. అందుకే ఆ ఉత్తరాన్ని ఇప్పటికీ దాచుకున్నాను.

అప్పటి నుంచి ఏ దారి గురించి రాసినా తోట పంచాంగం పక్కన పెట్టుకునే రాస్తున్నాను. చలికాలంలో తీగలు కత్తిరించేవాళ్లు ఆ పుల్లల్ని అక్కడికక్కడే కాలుస్తారు, సాళ్ల మధ్య సన్నటి పొగలు లేస్తుంటాయి. చిగురు వేసే రోజుల్లో మంచు పడుతుందన్న భయం ఉంటే రాత్రుళ్లు తోటల్లో పెద్ద కొవ్వొత్తులు వెలిగించి కాపలా కాస్తారు. వేసవి మొదట్లో పొద్దున్నే మందు కొట్టే ట్రాక్టర్లు తిరుగుతాయి. బర్గండీలో సాలుకూ సాలుకూ మధ్య ఎడం దాదాపు ఒక మీటరే, హెక్టారుకు పదివేల మొక్కల దాకా ఉంటాయి. అంత ఇరుకులో మామూలు ట్రాక్టరు పట్టదు కాబట్టి, సాలుకు అటొక చక్రం ఇటొక చక్రం వేసి మొక్కల మీదుగా నడిచే పొడుగు కాళ్ల యంత్రాన్ని వాడతారు. నువ్వు ‘వింత వాహనం’ అని రాసి వదిలేసినది అదే. వింత అన్న దగ్గర కలం ఆపేశావు. అక్కడ సైకిల్ ఆపి సాళ్ల మధ్య ఎడం అడుగులతో కొలిచి ఉంటే ఆ బండి కాళ్లు ఎందుకంత పొడుగో నీకే తెలిసేది.

మాటల విషయంలో రెండు సవరణలు. మూడో పేజీలో ‘ద్రాక్ష పందిళ్లు’ అన్నావు. ద్రాక్ష అనగానే మన నాలుక మీదికి పందిరి వచ్చేస్తుంది, అది సహజం. అయితే అక్కడ పందిళ్లు లేవు. నడుము ఎత్తున ఇనుప తీగలకు కట్టిన వరసలే ఉన్నాయి. పందిరి అని చదివిన పాఠకుడు నిన్ను నీడలో తొక్కుతున్నట్టు ఊహించుకుంటాడు, నువ్వేమో గొడుగంత నీడ కూడా లేని దారిలో మాడిపోతున్నావు. రెండోది ఇంకాస్త పెద్దది. అక్కడి బోర్డు మీద ‘క్లిమా’ అన్న మాట చూసి దాన్ని వాతావరణం అని తెలుగు చేశావు. ఫ్రెంచి నిఘంటువు ప్రకారం సరే, కానీ బర్గండీలో క్లిమా అంటే హద్దులూ సొంత పేరూ ఉన్న తోట ముక్క. అలాంటివి 1,247 ఉన్నాయి. 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కినవి అవే. నువ్వు దాటిన ప్రతి రాతిగోడ వెనకా ఒక పేరు ఉందన్నమాట.

దారి అంచును గమనించడం వల్ల ఎంత లాభమో చెప్పడానికి ఒక పాత సంగతి గుర్తుచేస్తాను. 1882లో మిలార్దే అనే వృక్షశాస్త్రజ్ఞుడు బోర్డో దగ్గరి మెదోక్‌లోని సాఁ-జూలియాఁ తోటల మధ్య వెళుతూ, బూజు తెగులు పట్టి ఆకులు రాలిపోయిన తోటలో దారి పక్క వరసలు మాత్రం పచ్చగా నిలిచి ఉండడం చూశాడు. దారినపోయేవాళ్లు పండ్లు కోసుకుపోకుండా, చూడగానే వెగటు పుట్టేలా తోటవాళ్లు ఆ వరసల మీద మైలుతుత్తమూ సున్నమూ కలిపి చల్లేవారట. ఆయన దాని మీద పరిశోధన చేసి 1885లో ప్రకటించినదే ఈనాటికీ రైతులు వాడే బోర్డో మిశ్రమం. లోపలి వరసలకూ అంచు వరసలకూ తేడా దారి మీద వెళ్లే ఎవరికైనా కనిపించేదే, ఆయన మాత్రం ‘ఎందుకు?’ అనుకుని ఆగాడు.

పాఠకుడికి అక్కరకొచ్చే సమాచారాన్ని చిన్నచూపు చూడకు. దూరం ఒక్కటే ఇచ్చి ఎక్కుడు ఎంతో చెప్పకపోతే ఆ అంకె వృథా; వాలు మీద ఇరవై కిలోమీటర్లూ చదును మీద ఇరవై కిలోమీటర్లూ ఒకటి కావు. ఎక్కడ తారు అయిపోయి కంకర మొదలవుతుందో, సన్న టైర్లతో వెళ్లవచ్చో లేదో చెప్పు. నీళ్లు ఎక్కడ దొరుకుతాయో తప్పకుండా చెప్పు. చాలా ఊళ్లలో మధ్యాహ్నం కొట్లు మూసేస్తారు కాబట్టి, ఫ్రాన్స్ పల్లెల్లో సైకిల్ మీద తిరిగేవాళ్లు శ్మశానం వెతుక్కుంటారు: పూలకుండీలకు నీళ్లు పోసేందుకు అక్కడ సాధారణంగా కొళాయి ఉంటుంది, తాగకూడదన్న బోర్డు లేకపోతే సీసా నింపుకోవచ్చు. వైన్ రుచుల గురించి నువ్వు రాసిన రెండు పేజీలూ తీసేయమంటాను. అక్కడ నీ గొంతు అరువు తెచ్చుకున్నట్టుంది. వాటి స్థానంలో, రక్తంలో లీటరుకు 0.5 గ్రాముల మద్యం పరిమితి ఆ దేశంలో సైకిల్ తొక్కేవాళ్లకూ వర్తిస్తుందన్న ఒక్క వాక్యం చాలు.

తీసేయకూడనిది ఒకటుంది. వోల్నే దాటాక చైన్ ఊడితే రాతిగోడకు సైకిల్ ఆనించి, నల్లబడ్డ చేతులతో కూర్చున్న ఘట్టం బాగుంది. గోడ రాళ్లు ఇంకా వెచ్చగా ఉన్నాయనీ, దిగువ మైదానంలో ఎండ కాస్తుండగానే నీ చుట్టూ మసక కమ్మిందనీ రాశావు. ఆ వాలు తూర్పు ముఖంగా ఉంటుంది. పొద్దు వాలేసరికి కొండ నీడ ముందుగా పై సాళ్ల మీద పడి, మెల్లగా కిందికి దిగుతుంది. నువ్వు చూసినది ఆ నీడనే. ఈ ముక్క కలిపితే ఆ పేజీలో ఇక మార్చవలసింది ఏమీ ఉండదు.

ఆ గోడ దగ్గరే ఒక పనివాడు నీ చేతులకు గుడ్డపీలిక ఇచ్చి, పైకి పోయే మరో బాట చూపించాడని రాసి, వెంటనే మెర్సోలో భోజనానికి వెళ్లిపోయావు. ఆ బాట ఎటు పోతుంది? నువ్వు ఎక్కి చూశావా? చూసి ఉంటే, దాని సంగతి కూడా రాసి పంపు.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి