మీ ప్రశ్నలకు జవాబులు: ఇల్–2 దాడి విమానం

గత సంచికలో రెండవ ప్రపంచ యుద్ధకాలపు సోవియట్ విమానాలపై ప్రచురించిన వ్యాసంలో ఇల్–2కు రెండు పేరాలే దక్కాయి. ఆ కొరత తీర్చమంటూ గోదావరికి రెండు వైపుల నుంచీ ఉత్తరాలు వచ్చాయి. అందుకని ఈ నెల శీర్షికను పూర్తిగా ఆ విమానానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: కవచపు ప్లేట్లు అమర్చిన విమానాలు ఆ రోజుల్లో వేరే కూడా ఉండేవి కదా, ఇల్–2 ప్రత్యేకత ఏమిటి? అంత గట్టి ఉక్కును ఆ వంపులకు ఎలా మలిచారు? నేను రైస్ మిల్లు యంత్రాల వర్క్‌షాపు నడుపుతున్నాను. 6 మి.మీ. ప్లేటును వంచడానికే మాకు తల ప్రాణం తోకకు వస్తుంది. (ఒక పాఠకుడు, తణుకు)

జవాబు: మిగతా విమానాలలో ముందు అస్థిపంజరం కట్టి, ఆ పైన పైలట్ వీపు వెనుకనో సీటు కిందనో కవచాన్ని బిగించేవారు. ఆ కవచం విమానానికి మోయక తప్పని బరువే తప్ప నిర్మాణానికి దాని వల్ల ఒరిగేదేమీ ఉండేది కాదు. 1938లో సెర్గేయ్ ఇల్యూషిన్ ప్రతిపాదించినది దీనికి భిన్నం. పీతకు లోపల ఎముకలు ఉండవు, డిప్పే దాని ఒంటిని నిలబెడుతుంది. ఇల్–2 ముందు భాగం కూడా అంతే. ఇంజను, రేడియేటర్, పైలట్, ఇంధనపు ట్యాంకులు అన్నీ సుమారు 700 కిలోల ఉక్కు పెట్టెలో ఇమిడి ఉండేవి, ఆ పెట్టే విమానపు శరీరంగా భారాన్ని మోసేది. చల్లని గాలి సైతం ముక్కు పైభాగాన ఉన్న రంధ్రం గుండా లోపలికి వెళ్ళి, కవచం మధ్య దాగిన రేడియేటర్‌ను తాకి, కింది నుంచి బయటపడేది. పెట్టె వెనుక నుంచి తోక దాకా చాలావరకు చెక్కే.

ఇక మీ రెండో సందేహం. గట్టిపరచిన ప్లేటును వంచబోతే పగులుతుందనీ, వంచాక గట్టిపరిస్తే రూపం చెడుతుందనీ మీకు మేము చెప్పనక్కరలేదు. కిష్కిన్, స్క్ల్యారోవ్ అనే లోహ శాస్త్రజ్ఞులు తయారుచేసిన ఏబీ–1 అనే ఉక్కును కాల్చి, వేడిగా ఉండగానే ప్రెస్సులో అచ్చు మీద నొక్కి, నూనెలో చల్లార్చేవారు. రూపం ఇవ్వడమూ గట్టిపరచడమూ ఒకే వరుసలో జరిగిపోయేవి కనుక, అటు ఇటు రెండు దిశల్లో వంపు తిరిగిన రేకులు కూడా వేల సంఖ్యలో తయారుచేయగలిగారు. విమానం గొప్పదనాన్ని రూపకర్త ఒక్కరికే కట్టబెట్టే అలవాటు మనకు ఉంది గానీ, ఈ ఉక్కు లేకుంటే ఇల్యూషిన్ ఆలోచన కాగితం దాటేది కాదని మా అభిప్రాయం.

ప్రశ్న: వెనుక కూర్చునే గన్నర్‌ను మొదట ఎందుకు తొలగించారు, మళ్ళీ ఎందుకు తెచ్చారు? (డిగ్రీ విద్యార్థిని, అమలాపురం)

జవాబు: 1939 అక్టోబరు 2న వ్లదీమిర్ కొక్కినాకి తొలిసారి ఎగరేసిన నమూనాలో ఇద్దరికి చోటుండేది. అయితే దానికి అమర్చిన ఏఎం–35 ఇంజను ఎత్తున బాగా పనిచేసే రకం. నేలను ఆనుకుని ఎగరవలసిన బరువైన విమానానికి దాని శక్తి చాలలేదు, వెళ్ళగల దూరమూ తక్కువే. పరీక్షల్లో ఈ లోపాలు బయటపడ్డాక ఇల్యూషిన్ తక్కువ ఎత్తుకు అనువైన మికూలిన్ ఏఎం–38 ఇంజను తెచ్చి, గన్నర్ చోటులో అదనపు ఇంధనపు ట్యాంకునూ 12 మి.మీ. కవచాన్నీ పెట్టారు. ఈ ఒంటి సీటు విమానం 1940 అక్టోబరు 12న ఎగిరింది, ఉత్పత్తికి వెళ్ళినది కూడా ఇదే.

1941 జూన్‌లో యుద్ధం వచ్చి పడేసరికి ఆ నిర్ణయానికి మూల్యం చెల్లించవలసి వచ్చింది. రక్షణగా ఫైటర్లు వెంటలేని రోజుల్లో జర్మన్ విమానాలు నింపాదిగా వెనుక చేరి కాల్చేవి. ఓపిక నశించిన కొన్ని రెజిమెంట్లలో మెకానిక్కులే చెక్క భాగాన్ని కోసి, అక్కడ మెషిన్‌గన్ బిగించి, ఒక మనిషిని కూర్చోబెట్టారు. 1942 శరత్కాలానికి రెండు సీట్ల విమానం అధికారికంగా యుద్ధరంగానికి వచ్చింది.

కానీ ఉక్కు పెట్టెను పొడిగించాలంటే అచ్చులన్నీ మార్చాలి, అంటే ఉత్పత్తి ఆగుతుంది. అందుచేత గన్నర్‌ను పెట్టె బయటే, ఆ చెక్క భాగంలోనే, ఒక కాన్వాసు పట్టీ మీద కూర్చోబెట్టి, వెనుక ఒక ప్లేటు అడ్డుపెట్టి, చేతికి 12.7 మి.మీ. మెషిన్‌గన్ ఇచ్చారు. ముందున్న పైలట్‌కు చుట్టూ కవచం, ఆయన వీపు కాయవలసిన మనిషికి పక్కన ప్లైవుడ్! వెనుక బరువు పెరగడంతో విమానం నిలకడ కూడా దెబ్బతిన్నది. రెక్కల బయటి భాగాలను కాస్త వెనక్కి వాల్చి దానిని సరిదిద్దారు. గన్నర్‌ను పూర్తిగా కవచం లోపలికి తెచ్చినది దీని తరువాతి ఇల్–10 మాత్రమే.

ప్రశ్న: “రొట్టెలా, గాలిలా” అని స్టాలిన్ పంపిన టెలిగ్రామ్ నిజమేనా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, పాలకొల్లు)

జవాబు: నిజమే. జర్మన్ సేనలు చేరువవుతుండగా 1941 శరత్కాలంలో వొరొనెజ్‌లోని 18వ నంబరు కర్మాగారాన్ని యంత్రాలతో, మనుషులతో సహా రైళ్ళకెక్కించి వోల్గా తీరాన కూయిబిషెవ్‌కు తరలించారు. కొత్తచోట భవనాల నిర్మాణం ఇంకా పూర్తికాలేదు. డిసెంబరులో రోజుకు ఒక్క ఇల్–2 వస్తోందని తెలిసి, షెంక్మన్, త్రెత్యకోవ్ అనే ఇద్దరు డైరెక్టర్లకు స్టాలిన్ ఆ టెలిగ్రామ్ పంపారు: ఎర్ర సైన్యానికి ఈ విమానాలు గాలిలా, రొట్టెలా అవసరమని, ఇదే చివరి హెచ్చరిక అని. ఉత్పత్తి పెరిగినది ఈ బెదిరింపు వల్లేనని కొందరు రాస్తారు. యంత్రాలు అప్పటికే బిగిస్తున్నారు కనుక, టెలిగ్రామ్ రాకున్నా జనవరికి అంకె పెరిగేదే. మొత్తం మీద తయారైనవి 36 వేల పైచిలుకు.

ప్రశ్న: ట్యాంకులను నిజంగా ధ్వంసం చేయగలిగేదా? (ఒక పాఠకుడు, రావులపాలెం)

జవాబు: తుపాకులతో అంతంతమాత్రమే. 37 మి.మీ. తుపాకులు రెండు అమర్చి చూశారు గానీ, అవి కాల్చినప్పుడు తన్నే తన్నుకు విమానం గురి తప్పేది. పరిస్థితిని మార్చినది పీటాబ్ అనే చిన్న బాంబు. ఒక్కొక్కటి కిలోన్నర ఉండే ఈ బాంబులను, ఒక్కో విమానం సుమారు 200 చొప్పున, 1943 జూలైలో కూర్స్క్ దగ్గర ట్యాంకుల గుంపుల మీద వెదజల్లింది. ట్యాంకు పైకప్పు పలచన కనుక అక్కడ పడితే చాలు. అయినా పైలట్లు చెప్పుకున్న ట్యాంకుల లెక్కలను మేము సగానికి సగం తగ్గించే చదువుతాం. లారీలకూ ఫిరంగి దళాలకూ జరిగిన నష్టం మాత్రం కాదనలేనిది.

ప్రశ్న: విశాఖ బీచ్‌లో ఉన్న సోవియట్ విమానం ఈ కోవదేనా? మన దేశం ఇలాంటివి వాడిందా? (ఒక పాఠకురాలు, నరసాపురం)

జవాబు: కాదు. అది టీయూ–142, సముద్రం మీద గస్తీ తిరుగుతూ సబ్‌మెరీన్లను వేటాడే నౌకాదళ విమానం. ఇల్–2కు నిజమైన వారసుడు టైటానియం కాక్‌పిట్ ఉన్న సుఖోయ్ ఎస్‌యూ–25. ఇల్యూషిన్ సంస్థ రూపకల్పనను పోటీలో వెనక్కి నెట్టిన ఆ విమానాన్ని 1975 ఫిబ్రవరి 22న తొలిసారి ఎగరేసినది సెర్గేయ్ ఇల్యూషిన్ కుమారుడు వ్లదీమిరే. భారత వాయుసేన దానిని కొనలేదు. నేల మీది లక్ష్యాలపై దాడికి 1971 యుద్ధంలో ఎస్‌యూ–7లను, తరువాతి కాలంలో మిగ్–27లను వాడింది. మిగ్–27లలో చివరివి 2019 డిసెంబరులో జోధ్‌పూర్‌లో విరమించాయి.