పేరాలో అసలు విషయం ఏదో, వివరం ఏదో ఎలా పట్టుకోవాలి?

గ్రూప్స్ పరీక్షలకి చదువుతుంటే పేజీ మొత్తం హైలైటర్ పడిపోతోందని, ఏది ముఖ్యమో తేలడం లేదని అడిగారు. టెన్షన్ పడకండి. చిక్కడపల్లి లైబ్రరీలో ఏ బల్ల మీద చూసినా సగం పుస్తకాలు గడపకు పసుపు పూసినట్టే ఉంటాయి. నేనూ అక్కడే చదువుకున్నాను. ఇప్పుడు అశోక్‌నగర్‌లో తెలిసిన పిల్లలకి మెయిన్స్ ఆన్సర్లు దిద్దిపెడుతుంటాను.

ఈ ముక్క చూడండి: 1908 సెప్టెంబరు 28న మూసీకి భారీ వరద వచ్చింది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి దగ్గర చింతచెట్టెక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం ఇంజినీరు విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి.

ఇది దేని గురించి అంటే చాలామంది 'మూసీ వరద' అనేస్తారు. అది టాపిక్ మాత్రమే. దాని గురించి ఏం చెబుతున్నారన్నది పూర్తి వాక్యంగా రావాలి: 'మూసీ వరద తర్వాతే హైదరాబాద్‌లో నదిని అదుపు చేసే పని, నగరాన్ని ఒక పద్ధతిలో తీర్చిదిద్దే పని ఊపందుకున్నాయి.' ఈ వాక్యం పేరాలో ఎక్కడా లేదు, మనమే కట్టుకోవాలి. కట్టాక ఒక్కో వివరాన్నీ దాని పక్కన పెట్టి చూడండి. విశ్వేశ్వరయ్య, బోర్డు, రెండు జలాశయాలు దానికి బలమిస్తాయి. చింతచెట్టు? వరద ఎంత ఘోరమో చెబుతుంది, అంతే. తీసేసినా అసలు విషయానికి లోటు రాదు. కానీ అందరికీ గుర్తుండేది అదే! ఆన్సర్‌లో నాలుగు లైన్లు చెట్టుకే పోతాయి, బోర్డు మాటే ఉండదు. మనసుకు పట్టిందల్లా ముఖ్యం అనుకోవడం వల్లే ఎక్కువ మార్కులు పోతున్నాయని నాకనిపిస్తుంది.

సంపాదకీయాల్లో మొదటి పేరా చాలాసార్లు నేపథ్యమే. 'అయితే', 'కానీ' అన్న మాట దగ్గర ఆగండి, రచయిత అసలు మాట తరచూ దాని తర్వాతే ఉంటుంది. వార్తలు దీనికి రివర్స్, మొదటి రెండు వాక్యాల్లోనే విషయం చెప్పేస్తారు.

ప్రిలిమ్స్‌కి ఏళ్లు కూడా కావాలి కదా అంటారా? కావాలి. పేరా చదవగానే మార్జిన్‌లో పెన్సిల్‌తో ఒక్క వాక్యం రాసి, ఏళ్లు దాని కింద వేసుకోండి. లైబ్రరీ పుస్తకమైతే మాత్రం దయచేసి మీ నోట్‌బుక్‌లో రాసుకోండి.