జైరానా, యీరేనా? ఆదరణా, స్పందనా?

సందేహం: మా యువజన పత్రికకు 'ఓల్డ్ చర్చ్ బేస్‌మెంట్' అనే ఆరాధన ఆల్బమ్ మీద సమీక్ష రాశాను. అందులో ఒక వాక్యం ఇలా ఉంది: "యెహోవా జైరా పాటకు అద్భుతమైన ఆదరణ లభించగా, ఈ ఆరాధనా ఆల్బమ్ మొత్తం మీద మిశ్రమ స్పందనను పొందింది." సంఘంలో పెద్దాయన ఒకరు 'జైరా' తప్పు, 'యీరే' అని రాయాలన్నారు. ఇంకొకరు 'ఆదరణ' అంటే ఓదార్పు కదా, పాటకు ఓదార్పు లభించడమేమిటని నవ్వారు. 'ఆరాధనా' అన్న దీర్ఘం మీదా గొడవ వచ్చింది. ఎవరి మాట వినాలి?

సమాధానం: ముందు జైరా సంగతి చూద్దాం, అసలు మెలిక అక్కడే ఉంది.

'యెహోవా' అన్నా తప్పు లేదు, 'జైరా' అన్నా తప్పు లేదు. రెండింటినీ పక్కపక్కన కూర్చోబెట్టడమే చిక్కు. 'యెహోవా' తెలుగు బైబిల్లోని రూపం. 'జైరా' ఇంగ్లిష్ వాళ్ల ఉచ్చారణ. ఇంగ్లిష్ దారిన పోతే రెండూ ఇంగ్లిష్ దారినే పోవాలి, 'జెహోవా జైరా' అని. తెలుగు బైబిల్ దారిన పోతే 'యెహోవా యీరే'. పైగా మీరు చెబుతున్న పాట పేరు 'జైరా' ఒక్కటే. ముందున్న 'యెహోవా' మీరు చేర్చింది.

ఈ మాట ఆదికాండం 22వ అధ్యాయంలోది. కొడుకును బలి ఇవ్వడానికి కొండెక్కిన అబ్రాహాము, పొదలో చిక్కుకున్న పొట్టేలును చూసి, కొడుకుకు బదులు దాన్ని అర్పించి, ఆ చోటికి పెట్టిన పేరు అది. హీబ్రూలో ఆ రెండో మాట మొదట ఉన్నది యకారం. మాట మొత్తం దాదాపు 'యిర్ ఎ' అని వినిపిస్తుంది. మరి జకారం ఎక్కడి నుంచి వచ్చింది? లాటిన్‌లో ఐ, జె రెండూ ఒకే అక్షరానికి రెండు ఆకారాలు. అచ్చు ముందు వస్తే దాన్ని యకారంగా పలికేవారు. జర్మన్ వాళ్లు జె అక్షరాన్ని ఇప్పటికీ యకారంగానే పలుకుతారు. ఫ్రెంచి ప్రభావంతో ఇంగ్లిష్‌లో అది జకారమైంది. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్ మొదటి ముద్రణలో యేసు పేరు ఐ అక్షరంతోనే ఉంటుంది. తర్వాతి ముద్రణల్లో అక్కడ జె వచ్చి కూర్చుంది. దాని వెంటే 'ఇ' కాస్తా ఇంగ్లిష్ అలవాటు ప్రకారం 'ఐ' అయింది, చివరి ఎకారం నలిగి 'ఆ'లా వినిపించసాగింది. అలా 'యిర్ ఎ' వెళ్లి 'జైరా' తయారైంది.

ఇంగ్లిష్ వాళ్లు ఆ యకారాన్ని మరిచిపోని చోటు కూడా ఒకటుంది. 'హల్లెలూయా'ను వాళ్ల లిపిలో రాస్తే చివరి 'యా' దగ్గర వచ్చేది ఆ జె అక్షరమే. అయినా ఎవరూ 'హల్లెలూజా' అనరు.

తెలుగు బైబిల్ అనువాదకులు ఇంగ్లిష్ ఉచ్చారణను పట్టించుకోకుండా మూలభాషల వైపు చూశారు. అందుకే యేసు, యోహాను, యాకోబు, యోసేపు, యెరూషలేము, యిర్మీయా అని యకారాలు బారులు తీరి కనిపిస్తాయి. 'యీరే' ఆ వరుసలోదే. అయితే వాడుకలో మనం రెండు దారుల్లోనూ నడుస్తున్నాం. ఇంట్లో జాన్ అని పిలిపించుకునే పిల్లవాడే చర్చిలో యోహాను సువార్త తెరుస్తాడు, ఎవరికీ ఇబ్బంది లేదు. కతోలికుల్లో జోజప్ప ఉండనే ఉన్నాడు. కాబట్టి జకారం కనిపించగానే తెలుగు చెడిపోయిందని కంగారు పడనక్కర్లేదు. మీ పెద్దాయన చెప్పిన రూపం సరైనదే, కానీ అన్నిచోట్లా అదే రాయాలన్న పట్టుదల సరికాదు.

నేనైతే ఇలా రాస్తాను. పాట పేరుగా చెప్పేటప్పుడు గాయకులు పలికినట్టే 'జైరా'. ఎవరైనా వెతుక్కుని వినాలంటే ఆ పేరే పనికొస్తుంది. పాట దేని గురించో చెప్పేటప్పుడు 'యెహోవా యీరే'. సమీక్షలో ఒక్కసారి "జైరా, అంటే మన బైబిల్లోని యెహోవా యీరే" అనేస్తే ఆ తర్వాత గొడవే ఉండదు.

కొందరు 'ఈరే' అని కూడా రాస్తున్నారు. ఇల్లును 'యిల్లు' అనీ, ఎవరును 'యెవరు' అనీ రాయకూడదని బళ్లో నేర్పిన దాన్ని ఇక్కడికీ లాక్కొచ్చారు. ఇల్లులో యకారం మన నోటికి అలవాటుగా వచ్చి చేరినది, తీసేయవచ్చు. యీరేలో యకారం మాట సొంత ఆస్తి, తీసేయడానికి మనకు హక్కు లేదు.

అర్థం దగ్గర కూడా ఒక మాట. మీరు పంపిన సమీక్షలో ఈ పేరుకు 'సమకూర్చే దేవుడు' అని రాశారు. తప్పు కాదు, చాలామంది అదే అంటారు. కానీ అది ఇంగ్లిష్ అనువాదం మీదుగా వచ్చిన అర్థం. హీబ్రూ ధాతువుకు అర్థం 'చూడటం'. గొర్రెపిల్ల ఏదని కొడుకు అడిగినప్పుడు అబ్రాహాము ఇచ్చే జవాబులో తెలుగు బైబిల్ వాడిన క్రియ 'చూచుకొనును'. 'చూచు' పక్కన 'కొను' చేరేసరికి చూడటమూ బాధ్యత తీసుకోవడమూ ఒకే మాటలో ఇమిడిపోయాయి. ఇంట్లో ఎవరైనా డబ్బు గురించి టెన్షన్ పడుతుంటే "నేను చూసుకుంటాలే" అంటామే, అదే క్రియ. ఇంత దగ్గరి మాట చేతిలో పెట్టుకుని 'సమకూర్చే' అనడమెందుకు? "దేవుడే చూసుకుంటాడు" అంటే మూలమూ దక్కుతుంది, తెలుగూ దక్కుతుంది.

ఇక 'ఆదరణ'. నవ్విన మనిషి పూర్తిగా తప్పు కాదు. మామూలు తెలుగులో ఆదరణ అంటే మెచ్చి అక్కున చేర్చుకోవడం. ప్రజాదరణ, పాఠకాదరణ అన్నీ ఆ అర్థంలోనివే. క్రైస్తవ తెలుగులో మాత్రం దానికి ఓదార్పు అన్న అర్థం బలంగా ఉంది. 23వ కీర్తనలో దుడ్డుకర్ర, దండం 'ఆదరించును' అన్నప్పుడు అర్థం అదే. యోహాను సువార్తలో పరిశుద్ధాత్మకు 'ఆదరణకర్త' అని పేరు. మీ పత్రిక చదివేవాళ్లకు ఈ రెండో అర్థమే ముందు తట్టే అవకాశం ఉంది.

అయినా గందరగోళం రాదు, విభక్తి కాపాడుతుంది. "పాటకు ఆదరణ ఉంది" అంటే జనానికి నచ్చిందని. "పాటలో ఆదరణ ఉంది" అంటే విన్నవాళ్లకు ఊరట దొరుకుతుందని. 'కు', 'లో' మధ్య తేడా తెలుగువాడికి చెప్పనక్కర్లేదు. మీరు 'పాటకు' అన్నారు కాబట్టి మీ వాడుక నిక్షేపంలా ఉంది. 'అద్భుతమైన' తీసేసి 'మంచి ఆదరణ' అనండి చాలు.

నాకు నచ్చనిది 'మిశ్రమ స్పందన'. ఇది వార్తల భాషలోంచి వచ్చిన మాట, ఎవరు ఏమన్నారో చెప్పకుండా తప్పించుకోవడానికి బాగా పనికొస్తుంది. సమీక్షకుడి పని అదికాదు కదా. ఎలివేషన్ వర్షిప్, మావెరిక్ సిటీ మ్యూజిక్ బృందాలు కలిసి 2021లో తెచ్చిన ఈ ఆల్బమ్‌కు 2022లో ఉత్తమ సమకాలీన క్రైస్తవ సంగీత ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది. దాన్ని 'మిశ్రమం'లో కలిపేస్తే పాఠకుడికి ఏం తెలుస్తుంది? మీ సమీక్షలోనే కింద వివరంగా రాశారు: అందరూ కలిసి గొంతెత్తి పాడుతుంటే రికార్డు చేసిన తీరు కొందరికి నచ్చింది, పాటలు మరీ సాగాయనీ ఒకే చరణం తిప్పితిప్పి పాడారనీ కొందరు విసుక్కున్నారు. జైరా పాటే తొమ్మిది నిమిషాలు దాటుతుంది మరి. ఈ రెండు ముక్కలూ పైకి తెచ్చి "కొందరికి నచ్చింది, కొందరికి నచ్చలేదు, ఎందుకంటే..." అని మొదలుపెడితే సరిపోయేది.

ఆ వివరణలో మీరు వాడిన 'పునరుక్తి' గురించి కూడా చెప్పాలి, మీరు అడగకపోయినా. అలంకారశాస్త్రంలో పునరుక్తి ఒక దోషం. చెప్పిందే అవసరం లేకుండా మళ్లీ చెప్పడం. కావాలని, ఒక ప్రయోజనం కోసం తిరిగి చెప్పడానికి 'ఆవృత్తి' అని వేరే మాట ఉంది. 136వ కీర్తనలో 26 వచనాలున్నాయి, ప్రతి వచనమూ "ఆయన కృప నిరంతరముండును" అనే ముగుస్తుంది. దాన్ని ఎవరూ పునరుక్తి అనరు. శతకంలో పద్యం పద్యానికీ మకుటం రావడాన్నీ అనరు. ఆరాధన పాట నడిచేదే ఆవృత్తి మీద. పాట తెలియనివాడు కూడా రెండోసారికి గొంతు కలపాలి, మూడోసారికి పుస్తకం మూయాలి. అలాగని ప్రతి తిప్పుడూ గొప్పదనడం లేదు. ఊరికే సాగదీశారని మీకు అనిపిస్తే 'పునరుక్తి' అనే రాయండి, కానీ అది తీర్పు అని తెలిసి రాయండి. వర్ణన మాత్రమే చేస్తుంటే 'ఆవృత్తి' అనండి, లేదా తేటగా 'ఒకే చరణం పదేపదే వస్తుంది' అనండి.

'స్పందనను పొందింది' అన్నదాన్ని 'స్పందన వచ్చింది' చేయండి. మన వాక్యాల్లో స్పందన వస్తుంది, పేరు వస్తుంది, అవార్డు వస్తుంది. ఇన్నిటిని 'పొందడం' అనువాద వార్తల్లోనే ఎక్కువ.

మిగిలింది దీర్ఘం. సంస్కృతంలో ఆరాధనా, భాషా, సేవా అని దీర్ఘంతో ముగిసే మాటలు తెలుగులోకి వచ్చి ఆరాధన, భాష, సేవ అవుతాయి. పక్కన ఇంకో సంస్కృత పదం చేరి సమాసమైతే పాత దీర్ఘం నిలుస్తుంది: భాషాభిమానం, సేవాభావం, ప్రార్థనామందిరం. పక్కన తెలుగు మాటో ఇంగ్లిష్ మాటో వస్తే ఆ దీర్ఘానికి పని లేదు. ఆరాధనాగీతాలు అనండి, ఆరాధన పాటలు అనండి, రెండూ బాగుంటాయి. ఆల్బమ్ ముందు మాత్రం 'ఆరాధన' చాలు.