ఆవిరి ఎటు పోతుంది?

ప్రశ్న: మాది నెల్లూరు. మూడు నెలల క్రితం చెన్నైలోని మణలిలో ఒక రసాయన కర్మాగారం అగ్నిమాపక దళంలో చేరాను. శిక్షణలో చెబుతున్న ఫ్లాష్ పాయింట్, ఆటో ఇగ్నిషన్ ఉష్ణోగ్రత నాకు ఒకటే అనిపిస్తున్నాయి. ఆవిరి సాంద్రత అనే అంకె ప్రమాదస్థలంలో మాకెందుకో కూడా బోధపడలేదు. దయచేసి వివరించగలరు.
– ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: ద్రవం నుంచి లేచే ఆవిరి, నిప్పు చూపిస్తే అంటుకునేంత మోతాదుకు చేరే కనీస ఉష్ణోగ్రతను ఫ్లాష్ పాయింట్ అంటారు. నిప్పు ఏమీ లేకుండా వేడికి దానంతట అదే రగిలే ఉష్ణోగ్రత ఆటో ఇగ్నిషన్‌ది. పెట్రోల్ ఫ్లాష్ పాయింట్ సుమారు మైనస్ 40 డిగ్రీలు కనుక అది ఒలికిన చోట ఆవిరి ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. డీజిల్‌కు అంతకన్నా ఎంతో ఎక్కువ వేడి కావాలి. అయితే తనంతట తాను రగిలే విషయంలో డీజిలే ముందు: దానికి సుమారు 210 డిగ్రీలు చాలు, పెట్రోల్‌కు దాదాపు 250 దాటాలి. ఈ తారుమారును గుర్తుంచుకుంటే రెండు మాటలూ ఇక కలిసిపోవు.

మీ రెండో సందేహమే నా దృష్టిలో ముఖ్యమైనది. ఆవిరి సాంద్రతను గాలితో పోల్చి చెబుతారు, గాలి 1. క్లోరిన్ సుమారు 2.5, వంటగ్యాస్ 1.5 నుంచి 2 కనుక ఇవి నేలబారున పాకి, మురుగు కాలువల్లో, గోతుల్లో, సెల్లార్లలో చేరతాయి. వంటగ్యాస్ అలా పాకి దూరాన ఉన్న పొయ్యిని తాకితే మంట వెనక్కి లీకేజీ దాకా పరుగెత్తి వస్తుంది. అమ్మోనియా 0.6 మాత్రమే, కాబట్టి పైకి పోతుందనుకుంటాం. కానీ ద్రవరూపంలో నిల్వ చేసిన అమ్మోనియా లీకైతే, విపరీతమైన చల్లదనం వల్ల గాలిలోని తేమతో కలిసి తెల్లని బరువైన మేఘమై నేలనంటుకునే కదులుతుంది. 2023 డిసెంబరు 26 రాత్రి ఎన్నూరులో సముద్రగర్భ పైపులైను నుంచి అమ్మోనియా లీకై చుట్టుపక్కల జనం ఆసుపత్రుల పాలైన సంగతి మీ ప్రాంతంలో ఎవరూ మరువలేదు. ఆ మేఘాన్ని సన్నని నీటి తుంపరతో అణచవచ్చు. నేల మీద నిలిచిన ద్రవంపై మాత్రం నీళ్లు కొట్టకూడదు, కొడితే ఆవిరి ఇంకా పెరుగుతుంది.

అంకె చూసి ఆవిరి ఎక్కడ పోగవుతుందో ఊహించాక, మీరు నిలబడవలసింది గాలి ఎటు నుంచి వీస్తోందో ఆ దిక్కున, వీలైతే మిట్ట మీద. ఇక్కడ ఒక స్థానిక జాగ్రత్త ఉంది: చెన్నైలో వేసవిలో పొద్దున పడమటి గాలి వీచి, మధ్యాహ్నానికి సముద్రపు గాలి అందుకోవడం మామూలే. పదింటికి క్షేమంగా ఉన్న మీ వాహనం రెండింటికి గాలివాటాన పడవచ్చు. కనుక గాలి దిశను చూపే గాలి సంచీని (విండ్‌సాక్) ఒకసారి చూసి వదిలేయక, పని ముగిసేదాకా దాని మీద ఒకరి చూపు నిలిపి ఉంచండి.