పంతొమ్మిది ‘నియంత్రిస్తుంది’లు

తిరుపతి,
ఆదివారం పొద్దున.

అమ్మాయీ,

గుండె కణాల పొరలో పొటాషియం పోయే సందులు, అంటే పొటాషియం చానళ్ల మీద నువ్వు రాసిన వ్యాసం చేరి పదిరోజులైంది. మొదటిసారి సగం చదివి పక్కన పెట్టేశాను. నిన్న మళ్లీ తీసి, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుని, ‘నియంత్రిస్తుంది’ అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాను. ఆరు పేజీల్లో పంతొమ్మిది సార్లు! మెదడు నరాన్ని నియంత్రిస్తుంది, నరం గ్రాహకాన్ని నియంత్రిస్తుంది, గ్రాహకం పొటాషియం చానల్‌ని, చానల్ గుండెని. అందరూ ఇంకొకరి మీద అజమాయిషీ చేసేవాళ్లే, పని చేసేవాడు మాత్రం ఒక్కడూ కనపడలేదు. నేను ముప్పై ఏళ్లు జీతం తీసుకున్న ఆఫీసు గుర్తొచ్చింది.

నీ తెలుగు బాగుంది. గుండెలో ఉండే హెర్గ్ అనే పొటాషియం చానల్ గురించి, టెర్ఫినడిన్ అనే అలర్జీ మాత్ర దాన్ని అడ్డుకుని 1998లో అమెరికా మార్కెట్ నుంచి వెళ్లిపోవడం గురించి రాసిన పేజీ కూడా బాగుంది. దాన్ని ముట్టుకోవద్దు.

మిగతాది మళ్లీ రాయాలి. ఎందుకో చెప్తాను.

మెదడు నుంచి గుండెకి దిగే వేగస్ నరం గురించి ‘వేగస్ నరం గుండె వేగాన్ని నియంత్రిస్తుంది’ అన్నావు. సరే, అక్కడ జరిగేదేమిటి? నరం కొసల్లోంచి అసిటైల్‌కోలిన్ అనే రసాయనం ఊరుతుంది. గుండె లయ మొదలయ్యే చోటు సైనస్ నోడ్, అక్కడి కణం పైపొరలో ఎం2 అనే రిసెప్టార్ ఉంటుంది, దానికి అంటుకుంటుంది. (రిసెప్టార్ అనే రాయి. గ్రాహకుడంటే మా వీధిలో గ్యాస్ బండ కొనుక్కునేవాడు.) రిసెప్టార్ పోయి చానల్‌ని ముట్టుకోదు. లోపలివైపు దాన్ని ఆనుకుని ఉన్న జీ ప్రొటీన్ విడిపోతుంది, ఆల్ఫా ఒక ముక్క, బీటా-గామా జంట ఇంకో ముక్క. ఆ జంట పొర లోపలి అంచు పట్టుకునే జరిగి పొటాషియం చానల్‌ని చేరుతుంది. చానల్ తెరుచుకుంటుంది. కణం లోపల పొటాషియం లీటరుకు 140 మిల్లీమోల్స్, బయట 4. ఎవరూ తొయ్యక్కర్లేదు, అదే బయటికి పోతుంది. పోతూ పోతూ ప్లస్ చార్జి పట్టుకుపోతుంది కాబట్టి లోపల మైనస్ ఇంకా పెరుగుతుంది. మళ్లీ కొట్టుకోవాలంటే ఆ కణం ఇంకాస్త లోతులోంచి పైకి ఎక్కి రావాలి. ఆ ఎక్కేసేపు ఆలస్యం. దాన్నే డాక్టరు నీ మణికట్టు పట్టుకుని నాడి నెమ్మదించిందంటాడు. కణం లోపల కబుర్లు మోసే సైక్లిక్ ఏఎంపీ అనే అణువు తగ్గే దారి ఇంకోటి ఉంది, అది కొంచెం నిదానం.

ఇందులో ఎక్కడా నియంత్రణ లేదు, చూశావా? ఊరడం, అంటుకోవడం, విడిపోవడం, జరగడం, తెరుచుకోవడం, పోవడం. అన్నీ మా అవ్వకు కూడా తెలిసిన క్రియలే. పైగా ఈ ముక్కల్లో చానల్‌ని తెరిచేది ఏదని 1987లో పెద్ద తగాదా నడిచింది. డేవిడ్ క్లాఫమ్, ఈవా నీర్‌ల బృందం బీటా-గామా అంది, ఇంకో బృందం ఆల్ఫా అంది. ఏళ్ల తరబడి సాగి చివరికి బీటా-గామా నిలబడింది. అంత రచ్చ జరిగిన చోట నువ్వు ‘జీ ప్రొటీన్ల ద్వారా నియంత్రించబడుతుంది’ అని రాసి దాటుకున్నావు. ఈ ‘బడుతుంది’ల సంగతి ఇంకోసారి మాట్లాడతాను, ఇప్పుడు మొదలుపెడితే బీపీ పెరుగుతుంది.

పోలికల దగ్గరికి వద్దాం. చానల్‌ని వైకుంఠం క్యూ కాంప్లెక్సుతో పోల్చావు. తిరుపతిలో పెరిగిన వాళ్లందరికీ ఈ పోలిక వస్తుంది, నాకూ వచ్చింది, రెండుసార్లు అచ్చు కూడా వేయించుకున్నాను. తర్వాత సిగ్గుపడ్డాను. క్యూలో సన్నగా ఉన్నవాడు సందు చూసుకుని దూరిపోతాడు, లావుపాటివాడు ఇరుక్కుంటాడు. పొటాషియం చానల్లో సరిగ్గా తలకిందులు. సోడియం అయాన్ చిన్నది, అది పోలేదు. పొటాషియం పెద్దది, సెకనుకు కోట్లలో పోతుంది. ఎలాగన్నది రోడరిక్ మెకినన్ 1998లో ఆ చానల్ ఆకారాన్నే తీసి చూపించాడు, 2003లో నోబెల్ ఇచ్చారు. అయాన్ నీళ్లలో ఉన్నప్పుడు నీటి అణువులు చుట్టూ పట్టుకుని ఉంటాయి. చానల్ ఇరుకు సందులోకి రావాలంటే ఆ నీళ్లను వదులుకోవాలి. సందు గోడల్లో ఆక్సిజన్లు సరిగ్గా పొటాషియంకి అందేంత దూరంలో ఉంటాయి, అందుకని దానికి నీళ్లు పోయిన లోటు తెలియదు. సోడియంకి ఆ ఆక్సిజన్లు అందవు. నీళ్లు వదిలేస్తే పట్టుకోను ఏమీ ఉండదు, అందుకే లోపలికి రాదు. ఇంత అందమైన సంగతిని క్యూ లైన్ మింగేసింది.

పోలికలు పెట్టమని పత్రికల వాళ్లే అడుగుతారంటావు. అవును, అడుగుతారు. ఒక ఆదివారం అనుబంధానికి ఇదే విషయం రాసి పంపితే ‘గుండెకు తాళం వేసే పొటాషియం’ అని హెడ్డింగు పెట్టారు. పక్కనే అరటిపండు బొమ్మ. ఆ వారమంతా తెలిసినవాళ్లు ఫోన్ చేసి, అరటిపండు తినొచ్చా మానాలా అని ఒకటే టెన్షన్. ఇంకో ఎడిటర్ ‘మూడో పేరా నుంచి చిట్కాలుగా మార్చండి’ అని తిప్పి పంపాడు. నేను మార్చలేదు, ఆయన వేయలేదు. ఆ కాగితాలు ఇంకా నా బీరువాలో ఉన్నాయి.

నువ్వు ఓటో లోవీ కలతో మొదలుపెట్టావు. అందరూ అక్కడే మొదలుపెడతారు. 1921లో ఆయన ఒక కప్ప గుండెకి వేగస్ నరాన్ని కదిలించి, ఆ గుండె నానిన ద్రవం తీసి రెండో గుండె మీద పోస్తే అదీ నెమ్మదించింది. ఈ ప్రయోగం ఆలోచన ఆయనకు కలలో వచ్చిందంటారు. కల ఎవరికైనా వస్తుంది, ద్రవం పోసి చూడాలి. నేను డిమాన్‌స్ట్రేటర్‌గా ఉన్న రోజుల్లో ల్యాబులో మేమూ పోసేవాళ్లం. తిరిగే డ్రమ్ముకి కాగితం చుట్టి కిరోసిన్ మంట మీద తిప్పుతూ మసి పట్టించాలి. కప్ప గుండె కొసకి కొక్కెం, కొక్కేనికి దారం, దారానికి లీవరు. గుండె కొట్టుకున్నప్పుడల్లా లీవరు ముల్లు మసిలో ఒక తెల్లటి పన్ను గీస్తుంది. ఒక చుక్క అసిటైల్‌కోలిన్ వేయగానే పళ్లు పొట్టివై, ఉన్నట్టుండి చదునుగా గీత. ఒక అమ్మాయి ‘సార్, చంపేశాం’ అంది. రింగర్ ద్రావణంతో కడిగాం. గీత అలాగే పోతోంది, పోతోంది, ఒక చిన్న పన్ను, ఇంకోటి. క్లాసంతా ఊపిరి వదిలింది.

ఆ చదును గీత మూడేళ్ల కిందట మళ్లీ చూశాను, ఈసారి నాదే. రాత్రి అన్నం తిని లేచేసరికి గుండె గబగబా కొట్టుకుంది, నిమిషానికి 180. మావాడు ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాడు. డ్యూటీ డాక్టరు, నీ ఈడు పిల్లే, ‘తాతా, రెండు మూడు సెకన్లు ఒకలాగా ఉంటుంది’ అని చెప్పి 6 మిల్లీగ్రాముల అడెనోసిన్ అనే మందు రక్తనాళంలోకి వేసి వెంటనే సెలైన్ తోసింది. ఒకలాగా అంటే, నేను పోతున్నానని నాకు తెలిసిపోయింది. ఆ ఈసీజీ కాగితం అడిగి తెచ్చుకున్నాను. నాలుగు వేళ్ల వెడల్పున చదును గీత ఉంది, అంటే మూడు సెకన్లు. తర్వాత మామూలు నాడి. ఆ మందు రక్తంలో పది సెకన్లు కూడా నిలవదు. అది అంటుకునేది ఏ1 అనే వేరే రిసెప్టార్‌కి. లోపల మాత్రం అదే రకం జీ ప్రొటీన్, అదే పొటాషియం చానల్. మసి డ్రమ్ము మీద కప్పకు మేం తెరిచిన తలుపునే ఆ పిల్ల నాకూ తెరిచింది.

ఇంకో మాట. కణానికి ఇంధనంలాంటి ఏటీపీ అనే అణువుకి ఉన్న ఫాస్ఫేట్లన్నీ ఊడిపోతే మిగిలేదే అడెనోసిన్. కండరంలో ఏటీపీని 1929లో ఫిస్కేతో కలిసి గుర్తించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. జర్మనీలో లోమాన్ కూడా అదే ఏడాది పట్టుకున్నాడు. ఏటీపీ తగ్గితే తెరుచుకునే పొటాషియం చానల్‌ని 1983లో అకినోరి నోమా గుండె కణంలో చూపించాడు. రక్తం అందక కణం అల్లాడుతున్నప్పుడు ఈ చానల్ తెరుచుకుని ఒక్కో దెబ్బనీ పొట్టి చేస్తుంది, కాల్షియం తక్కువ వస్తుంది, ఖర్చు తగ్గుతుంది. నీ వ్యాసంలో ఈ చానల్ ఊసే లేదు.

ఒక తప్పు కూడా ఉంది. అలిపిరి మెట్లు ఎక్కడం మొదలుపెట్టగానే ఆడ్రినలిన్ గుండెను పరుగెత్తిస్తుందని రాశావు. అది వస్తుంది, గాలిగోపురం చేరేలోపు బాగానే వస్తుంది. కానీ మొదటి మెట్ల దగ్గర జరిగేది వేగస్ పట్టు సడలడం. నరాలేవీ లేకుండా వదిలేస్తే గుండె నిమిషానికి 100 దాకా కొట్టుకుంటుంది. కూర్చున్నప్పుడు 70 ఉందంటే వేగస్ పట్టుకుని ఉన్నట్టు. మెట్టెక్కగానే పట్టు సడలుతుంది, తెరిచి ఉన్న పొటాషియం తలుపులు మూసుకుంటాయి.

ఇంత కోపంలోనూ నన్ను ఈ ఉత్తరం రాయడానికి కూర్చోబెట్టింది నాలుగో పేజీలో ఒకే ఒక్క వాక్యం. ‘డయాలసిస్ రోజుల్లో మా తాత టెంకాయ నీళ్లు అడిగేవాడు, అమ్మ ఇచ్చేది కాదు.’ ఆ వెంటనే హైపర్‌కలీమియా (రక్తంలో పొటాషియం పెరిగిపోవడం) నిర్వచనం. ఎందుకు పారిపోయావు అక్కణ్ణుంచి? టెంకాయ నీళ్లలో పొటాషియం జాస్తి. కిడ్నీ బయటికి పంపలేదు కాబట్టి అది రక్తంలోనే నిలిచిపోతుంది. బయట 4 ఉండాల్సింది 6, 7 అయితే లోపలి పొటాషియంకి బయటికి పోయే ఊపు తగ్గుతుంది, కణం లోపలి మైనస్ తగ్గుతుంది, ఈసీజీలో టీ తరంగం గుడారంలా మొనదేలుతుంది. మీ అమ్మ గ్లాసు ఇవ్వకుండా ఆపింది దీన్ని. వ్యాసం అక్కడ మొదలుపెట్టు. లోవీ తర్వాత వస్తాడు.

నాకు ఒక సంగతి తెలియాలి. తాత అడిగింది డయాలసిస్‌కి పోయేముందా, వచ్చాకనా? ముందైతే ఒంట్లో పొటాషియం నిండా ఉంటుంది, వచ్చాకైతే కడిగేసి ఉంటుంది, రెండూ ఒక్కటి కావు. ఆ గ్లాసు అమ్మ ఏం చేసేది, నువ్వు తాగేదానివా? అమ్మను అడిగి రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు