రెండేళ్ళవాడితో ఫిల్మ్‌సిటీ: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు సెలవుల ప్రయాణాలవే. పిల్లల వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యాను. ఉండేది వనస్థలిపురంలో. ఫిల్మ్‌సిటీకి వెళ్ళే దారిలో ఇల్లు కట్టుకున్న పాపానికి, ఊళ్ళ నుంచి దిగిన ప్రతి చుట్టం వెంటా వెళ్ళి, వాళ్ళ పసివాళ్ళని చంకనేసుకుని తిరిగే డ్యూటీ నా నెత్తినే పడుతుంది. కాబట్టి ఈ నెల ప్రశ్నలు నాకు బాగా తెలిసిన పేపరు.

*

అక్కా, సంక్రాంతి వెళ్ళాక వచ్చే ఆదివారం మా అత్తగారి తరఫు వాళ్ళూ మేమూ కలిసి పన్నెండు మందిమి టెంపో మాట్లాడుకుని రామోజీ ఫిల్మ్‌సిటీకి బయల్దేరుతున్నాం. మా బాబుకి రెండేళ్ళు నిండాయి. ‘వాడి కోసమేగా వెళ్ళేది’ అంటున్నారు అందరూ. నాకేమో వాడు ఏడుపు లంకించుకుంటే నేనొక్కదాన్నే ఓ మూల కూర్చోవాలేమోనని బెంగ. వెళ్ళనా, మాననా?
— ఒక తల్లి, ఖమ్మం

వెళ్ళు తల్లీ. కాకపోతే ‘వాడి కోసమే’ అన్న మాటని టెంపో ఎక్కకముందే దింపెయ్యండి. అది పెద్దవాళ్ళ సరదా. తప్పేం లేదు, పెద్దవాళ్ళకీ సరదాలుంటాయి. వాడి కోసం అనుకున్నామంటే మాత్రం, వాడు సంతోషపడకపోతే అందరికీ కోపం వస్తుంది. ‘ఇంత డబ్బు పోసి తీసుకొస్తే ఏడుస్తాడేంటి’ అంటారు. రెండేళ్ళవాడికి టికెట్టు ధర ఏం తెలుసు? మా ఆడపడుచు మనవరాలిని రంగులరాట్నం ఎక్కించబోతే బిగుసుకుపోయింది. దించి వదిలేస్తే, పచ్చికలో గిర్రున తిరుగుతూ నీళ్ళు చిమ్ముతున్న పైపు దగ్గర నిలబడిపోయింది. నీళ్ళు ఇటు తిరిగినప్పుడల్లా అరచెయ్యి చాపడం, తడవగానే వెనక్కి లాక్కుని గౌనుకి తుడుచుకోవడం, మళ్ళీ చాపడం. వాళ్ళ నాన్న ఫోన్ పట్టుకుని ‘ఇటు చూడు, గుర్రం చూడు’ అని మొత్తుకుంటున్నాడు. దానికి ఆ రోజంతటికీ ఫిల్మ్‌సిటీ అంటే ఆ పైపే.

ముందు మీ ఆదివారం సంగతి. పండగయ్యాక ఆదివారమంటే ఆంధ్ర నుంచి హైదరాబాద్‌కి తిరిగొచ్చే బళ్ళన్నీ ఆ హైవే మీదే ఉంటాయి. సూర్యాపేట దాటి మీరు కలిసేది ఆ వరదలోనే. పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్లు ఎంత బారున ఆగుతాయో ఏటా పేపర్లో ఫొటో చూస్తూనే ఉంటాం. ఆగిన టెంపోలో రెండేళ్ళవాడు అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. రోజు మార్చండి. ఆ తర్వాతి వారం మధ్యలో ఏ బుధవారమో అయితే దారీ ఖాళీ, లోపలా ఖాళీ. జనవరి చలికి ఎండ కూడా హాయిగా ఉంటుంది.

రెండోది సంచి. ఫిల్మ్‌సిటీలో మీ టెంపో గేటు దగ్గరే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి లోపలికి వాళ్ళ బస్సులోనే వెళ్ళాలి, లోపల ఒక చోటి నుంచి ఇంకో చోటికీ బస్సులే. ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో అని గిన్నిస్ పుస్తకానికెక్కింది మరి, నడిచి తిరిగేది కాదు. ‘కావాలంటే బండిలోంచి తెచ్చుకుందాం’ అన్న ధైర్యం పనికిరాదు. డైపర్లు, రెండు జతల బట్టలు, పల్చటి దుప్పటి, టోపీ, వాడి పాల గ్లాసు, అన్నీ ఒక్క సంచిలో సర్ది, ఆ సంచి మీ ఆయన భుజానికి తగిలించండి. చాలా పార్కుల్లో బయటి తిండి రానివ్వరు కానీ పసివాళ్ళ తిండికి మామూలుగా అడ్డు చెప్పరు. గేటు దగ్గర వాణ్ణి చూపించి అడగండి. పెరుగన్నం పులుస్తుందన్న భయం వద్దు. మెత్తగా వండిన అన్నంలో గోరువెచ్చటి పాలు పోసి, చెంచాడు పెరుగు కలిపి డబ్బాలో పెట్టండి. మధ్యాహ్నం మూత తీసేసరికి సరిగ్గా తోడుకుని ఉంటుంది. దాంతోపాటు ఇడ్లీలు, అరటిపళ్ళు. లోపల అమ్మే పాప్‌కార్న్, వేరుశనగపప్పు మాత్రం వాడి చేతికి అందనివ్వకండి. నాలుగేళ్ళ లోపు పిల్లలకి అవి గొంతులో అడ్డం పడి ఊపిరి తిప్పుకోలేక ఆస్పత్రికి రావడం నేను చూశాను.

ఇక నిద్ర. ఆ వయసువాడికి రోజు మొత్తం మీద పదకొండు నుంచి పద్నాలుగు గంటల నిద్ర కావాలి, పగటి కునుకుతో కలిపి. మీరేమో తెల్లవారకుండానే లేపి టెంపో ఎక్కిస్తారు. దారిలో పడుకుంటే అదృష్టం. ఏదేమైనా ఇంటి దగ్గర వాడు పడుకునే వేళకి అన్నం పెట్టేసి, నీడ చూసుకుని భుజాన వేసుకోండి. అప్పుడు ఏ షో మొదలవుతున్నా సరే లేవద్దు. స్ట్రోలర్ ఉంటే తెచ్చుకోండి కానీ మడిస్తే తేలిగ్గా చంకలో పట్టేది అయితేనే. బస్సు ఎక్కిన ప్రతిసారీ మడవాలి.

ఏం చూపించాలంటే, పిట్టల పార్కు, సీతాకోకచిలుకల పార్కు, ఆ ఎర్ర బస్సులో షికారు. ఫండుస్తాన్ అని పిల్లల కోసమే పెట్టిన చోటు ఉంది. వీటితో వాడి రోజు నిండిపోతుంది. వైల్డ్ వెస్ట్ స్టంట్ షోలో తుపాకులు పేలతాయి. బొరాసుర అనేది చీకటి గుహ, మంత్రగాడి కొంప. ఆ రెంటికీ మీ మరుదులు వెళ్ళి చప్పట్లు కొట్టి రానీ. నీ వంతు చూడాలని ఉంటే నువ్వూ వెళ్ళు, వాణ్ణి వాళ్ళ నాన్నకిచ్చి. ఒకళ్ళు చూసొచ్చాక ఇంకొకళ్ళు వెళ్ళాలని బయల్దేరకముందే, అత్తగారి ఎదురుగానే, నవ్వుతూనే తేల్చుకో. అక్కడికెళ్ళాక తేలే విషయం కాదిది. నువ్వు మూల కూర్చోవడమన్నది ఫిల్మ్‌సిటీ వల్ల వచ్చేది కాదు కదా.

సాయంత్రం ముగింపు వేడుక దాకా ఉండాలని ఎవరో ఒకరు పట్టుబడతారు. మీ నలుగురి మటుకు ముందు బస్సులో గేటుకి వచ్చేసి టెంపోలో కూర్చోండి. నలుగురంటే నువ్వు, మీ ఆయన, పిల్లాడు, ఆ సరికి కాళ్ళు నొప్పులంటున్న మీ మామగారు.

*

మేడమ్, మేలో పాపని తీసుకుని వండర్‌లాకి వెళ్దామనుకుంటున్నాం. ఏడాదిన్నర. టికెట్ అక్కర్లేదంటున్నారు, నిజమేనా? నీళ్ళలో దింపొచ్చా? ఎండకి ఓఆర్‌ఎస్ డబ్బాలు కొని పెట్టుకున్నాం, సరిపోతాయా?
— ఒక తండ్రి, కరీంనగర్

బాబూ, రావిర్యాల దగ్గరున్న ఆ పార్కులో లెక్క వయసు మీద కాదు, ఎత్తు మీద. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకి టికెట్ లేదు. ఏడాదిన్నర పాపలు సగటున 81 దగ్గర ఉంటారు కాబట్టి మీకు దిగుల్లేదు. రెండేళ్ళకి సగటు 86, 87కి వచ్చేస్తుంది. అంటే రెండు నిండిన పిల్లలకి టికెట్ పడుతుంది, ఎక్కడానికి మాత్రం పెద్ద రైడ్ ఏదీ ఉండదు. చెప్పుల్లేకుండా తలుపు వారకి నిలబెట్టి కొలుచుకుని వెళ్ళండి. అక్కడ కౌంటర్ దగ్గర వాదన పెట్టుకోవద్దు. రైడ్‌ల దగ్గర ఎత్తు గీత ఉన్నచోట ‘ఒక్క వేలేగా’ అని బతిమాలే తండ్రుల్ని చూశాను. ఆ బెల్టు, ఆ కడ్డీ ఫలానా సైజు ఒంటిని పట్టి ఉంచేలా చేసినవి. వేలు తక్కువైతే జారే సందు ఉందని అర్థం.

నీళ్ళలో దింపొచ్చు, పసివాళ్ళ కోసం లోతు లేకుండా కట్టిన కొలనులో మాత్రమే. మామూలు డైపర్ నీళ్ళు పీల్చి ఉబ్బి కాళ్ళ మధ్య వేలాడుతుంది. స్విమ్ డైపర్ కొనండి. బట్టలు కూడా నైలాన్‌వే వెయ్యాలి. నూలు చొక్కాలతో, చీరలతో నీళ్ళలోకి రానివ్వరు, ఆ సంగతి మీ ఆవిడకి ముందే చెప్పండి. గాలి ఊదిన రెక్కలు చేతులకి తొడిగాం కదా అని పక్కకి తిరగొద్దు. ఆ వయసు పిల్లలు చీలమండ లోతు నీళ్ళలో బోర్లా పడినా లేవలేరు, అరవనూ లేరు. చప్పుడే కాదు. పాప మీ చెయ్యి చాపు దూరంలో ఉండాలి, ఆ చేతిలో ఫోన్ ఉండకూడదు.

ఓఆర్‌ఎస్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మీరు కొన్నవి నీళ్ళలో కలుపుకునే పొడి ప్యాకెట్లా, తాగడానికి సిద్ధంగా ఉన్న పళ్ళరసం లాంటి డబ్బాలా? ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన అసలు ఓఆర్‌ఎస్‌లో లీటరుకి గ్లూకోజు 13.5 గ్రాములే, ఉప్పు 2.6 గ్రాములు. దీనికి ఎన్నో రెట్లు చక్కెర పోసిన తీపి నీళ్ళని అదే పేరుతో ఏళ్ళ తరబడి మెడికల్ షాపుల్లోనే అమ్మారు. అంత తీపి తాగిస్తే విరేచనాలు తగ్గకపోగా పెరుగుతాయి. మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఎనిమిదేళ్ళు దీని మీద కొట్లాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి పానీయాల మీద ‘ఓఆర్‌ఎస్’ అన్న మాటే ఉండకూడదని ఆదేశించింది. మీ ఇంట్లో పాత సరుకుంటే పారబొయ్యండి. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసిన పొడి ప్యాకెట్ తీసుకోండి. లీటరు ప్యాకెట్ లీటరు నీళ్ళలోనే కలపాలి, పాప చిన్నదని పావు ప్యాకెట్ గ్లాసులో వేసి కలపకూడదు. అదైనా వాంతులో విరేచనాలో అయితేనే. ఉత్త ఎండకి మంచినీళ్ళు, చిటికెడు ఉప్పేసిన పల్చటి మజ్జిగ, తల్లి పాలు చాలు.

డైపర్ మీద ఒక కన్నేసి ఉంచండి. ఆరు గంటలైనా తడవలేదంటే, ఏడిస్తే కన్నీళ్ళు రాలేదంటే, పాప తోటకూర కాడలా వాలిపోయిందంటే ఆస్పత్రికే.

ఇంతా చెప్పి నా మాట: మేలో వద్దు. పొద్దెక్కాక తెరిచి మిట్టమధ్యాహ్నం మీదుగా నడిచే పార్కు అది. నవంబరు దాకా ఆగండి. ఈలోగా పాపని చూపించాలన్న సరదా తీరకపోతే బహదూర్‌పురాలో నెహ్రూ జూ పార్కు ఉంది, 1963 నుంచీ ఉంది, పొద్దున్నే వెళ్ళి ఎండ ముదిరేలోపు వచ్చెయ్యండి. బొమ్మ రైలు ఎక్కించండి. సోమవారం మాత్రం సెలవు.

*

వదినగారూ, మా అమ్మాయి వాళ్ళు కాలిఫోర్నియాలో ఉంటారు. వేసవికి నేనూ మా వారూ వెళ్తున్నాం. మనవడికి నాలుగేళ్ళు, మనవరాలికి రెండున్నర. డిస్నీలాండ్‌కి అందరికీ టికెట్లు కొంటానంటున్నాడు అల్లుడు. పిల్లల్ని పట్టుకుని కూర్చోవడానికి మాకు అంత ఖరీదు టికెట్లెందుకని నాకు మొహమాటం. తిండి ఎలాగో కూడా తెలియడం లేదు.
— ఒక అమ్మమ్మ, గుంటూరు

వదినగారూ, అల్లుడు కొంటానంటుంటే మొహమాటమెందుకండీ! ముందు ఒక శుభవార్త. మూడేళ్ళలోపు పిల్లలకి అక్కడ టికెట్ లేదు. రెండున్నరేళ్ళ మనవరాలు ఊరికే వచ్చేస్తుంది. ఆవిడ పుట్టినరోజు ఎప్పుడో చూసుకుని తేదీ పెట్టుకోమనండి.

అక్కడ రైడర్ స్విచ్ అని ఒక పద్ధతి ఉంది. చంటిపిల్ల ఎక్కలేని రైడ్ ఉందనుకోండి, మీ అమ్మాయి పిల్లని పట్టుకుని ఆగుతుంది, అల్లుడు ఎక్కి వస్తాడు. తర్వాత పిల్లని ఆయన తీసుకుంటాడు, మీ అమ్మాయి మళ్ళీ మొదటి నుంచీ క్యూలో నిలబడకుండా వెళ్ళొచ్చు. వరస దగ్గర ఉన్న మనిషిని ముందే అడగాలి. కాబట్టి మిమ్మల్ని కాపలా కోసం తీసుకెళ్తున్నారన్న అనుమానం అక్కర్లేదు. మీ కోసమే తీసుకెళ్తున్నారు. పార్కు చుట్టూ తిరిగే రైలు ఉంది, అదీ 1955లో పార్కు తెరిచిననాటిది. పడవలో కూర్చోబెట్టి పాటలు పాడే బొమ్మల మధ్యగా తీసుకెళ్ళేదొకటి ఉంది. ఎగిరే ఏనుగు పిల్ల ఉంది. వీటికి ఎత్తు కొలతలు లేవు, మోకాళ్ళ నొప్పులవాళ్ళూ ఎక్కొచ్చు.

మనవడి దగ్గరే పేచీ. స్పేస్ మౌంటెన్‌కి 40 అంగుళాల ఎత్తు ఉండాలి. నాలుగేళ్ళవాడి సగటు ఎత్తు సరిగ్గా అక్కడే, 40, 41 దగ్గర ఉంటుంది. అక్కడిదాకా తీసుకెళ్ళి వెనక్కి పంపితే వాడి ఏడుపు పార్కంతా వినిపిస్తుంది. ఇంట్లోనే కొలిచి, కుదరకపోతే ఆ రైడ్ పేరే ఎత్తొద్దని అల్లుడికి చెప్పండి.

తిండి గురించి నిశ్చింతగా ఉండండి. అక్కడ బయటి తిండి తీసుకెళ్ళనిస్తారు. గాజు సీసాలు కూడవు, లోపల వేడి చేసుకునేలా ఉండకూడదు, అంతే. మీ చేతి పులిహోర, దద్ధ్యోజనం, చేగోడీలు హాయిగా వెళ్తాయి. పసిపిల్లల కోసం బేబీ కేర్ సెంటర్ అని ప్రత్యేకంగా గది ఉంది, బట్టలు మార్చడానికి, పాలివ్వడానికి, కాసేపు చల్లగా కూర్చోవడానికి. పొద్దున లోపలికెళ్ళగానే అదెక్కడుందో చూసి పెట్టుకోండి. స్ట్రోలర్ 31 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు దాటితే రానివ్వరు. లాగే బండి, అదే వ్యాగన్, అసలే కూడదు.

ఇంకొకటి. జనంలో చెయ్యి వదిలితే వెతుక్కోవడానికి, బయల్దేరేటప్పుడు పిల్లలిద్దరిదీ ఆ రోజు బట్టల్లో ఒక ఫొటో తీసి ఉంచండి. కంగారులో చొక్కా రంగు ఏ తల్లికీ గుర్తుకు రాదు. మీ అమ్మాయి ఫోన్ నంబరు కాగితం మీద రాసి చొక్కా లోపలివైపు పిన్నుతో కాకుండా టేపుతో అంటించండి. మీ ఇద్దరి జేబుల్లోనూ ఒకటి పెట్టుకోండి. మీ వారు తప్పిపోరని హామీ ఏమిటి?

*

ఆంటీ, మా మూడేళ్ళవాడు పార్కులో ఎలుగుబంటి వేషం వేసినతన్ని చూసి గుక్క పెట్టి ఏడ్చాడు. ఫొటో కోసం ఒళ్ళో పెట్టాలని వాళ్ళ తాతయ్య ఒకటే పట్టు. భయం పోవాలంటే అలవాటు చెయ్యాలంటారు. నిజమేనా?
— నెల్లూరు నుంచి ఒక పాఠకురాలు

నిజం కాదు. కదలని మొహం, రెప్పలెయ్యని కళ్ళు, మనిషికి రెండింతల తల. వాడు భయపడింది సబబే. అలవాటు దూరం నుంచి అవుతుంది, ఒళ్ళో కూర్చోబెడితే కాదు. ఈసారి కనిపిస్తే దూరంగా నిలబడి, నువ్వు చెయ్యి ఊపు. వాడు నీ కాళ్ళ వెనక నుంచి తొంగి చూస్తాడు, చూడనీ. ఎలుగుబంటి ఒళ్ళో ఫొటో కావాలని తాతయ్యగారికి అంత ముచ్చటగా ఉంటే, ఆయన్ని కూర్చోబెట్టి తియ్యండి.